జర్మనీకి నర్సులను పంపే ఒక శిక్షణ సంస్థ: భాష బాగా నేర్పారు, వసూలు చేసిన ధర మాత్రం న్యాయం కాదు

2023 జూన్‌లో హైదరాబాద్‌లోని ఒక శిక్షణ సంస్థలో చేరి, అక్కడే జర్మన్ భాష బి2 స్థాయి వరకు (ఎ1, ఎ2, బి1, బి2 అనే వరుసలో నాలుగో మెట్టు) చదివి, వారి ద్వారానే 2024 నవంబరులో జర్మనీలోని నార్త్ రైన్ వెస్ట్‌ఫాలియా రాష్ట్రానికి నర్సుగా వచ్చాను. అప్పు మొత్తం తీరి, ఇక్కడి నర్సింగ్ గుర్తింపు పత్రం చేతికి అందిన తరువాతే ఈ సమీక్ష రాయాలని ఇన్నాళ్లు ఆగాను. తరగతులు జరుగుతున్నప్పుడు రాసి ఉంటే పొగడ్త ఎక్కువయ్యేది, అప్పు కడుతున్నప్పుడు రాసి ఉంటే కోపం ఎక్కువయ్యేది. సంస్థ పేరు రాయడం లేదు. నేను చెప్పబోయే వసూళ్ల పద్ధతిని వేరే సంస్థల ద్వారా వచ్చిన అమ్మాయిల ఒప్పందాల్లోనూ చూశాను కాబట్టి, చేరబోయేవారు ఎక్కడికి వెళ్లినా ఇవే ప్రశ్నలు అడగవలసి ఉంటుంది.

మాది ఖమ్మం జిల్లా. ప్రభుత్వ కళాశాలలో బీఎస్సీ నర్సింగ్ చదివి, హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో నాలుగేళ్లు స్టాఫ్ నర్సుగా పనిచేశాను. మానేసేనాటికి నా జీతం నెలకు 24 వేలు. సుప్రీంకోర్టు 2016 జనవరిలో ఇచ్చిన ఆదేశం మేరకు కేంద్రం నియమించిన కమిటీ, యాభై పడకలలోపు ప్రైవేటు ఆసుపత్రిలో సైతం నర్సు జీతం 20 వేలకు తగ్గరాదని, రెండు వందల పడకలు దాటిన ఆసుపత్రిలో ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలని సిఫారసు చేసింది. మా ఆసుపత్రి రెండు వందల పడకలు ఎప్పుడో దాటింది, ఆ సిఫారసు మాత్రం మా జీతాల పట్టీలో ఏనాడూ కనిపించలేదు. దేశం దాటడం గురించి మాట్లాడేవారు తరచుగా ఆశ అనే మాట వాడతారు. నా వరకు అది నెలాఖరు లెక్క.

అవతలి గట్టున అవసరం ఎంతటిదో కూడా చెప్పాలి, ఎందుకంటే బేరంలో మన బలం అక్కడినుంచే వస్తుంది. 2049 నాటికి తమ దేశంలో నర్సింగ్, సంరక్షణ సిబ్బంది కొరత 2,80,000 నుంచి 6,90,000 వరకు ఉండవచ్చని జర్మనీ గణాంక సంస్థ అంచనా వేసింది. నైపుణ్యం గల భారతీయులకు ఏటా ఇచ్చే వీసాల సంఖ్యను 20,000 నుంచి 90,000కు పెంచుతున్నట్లు 2024 అక్టోబరులో ఆ దేశ ప్రభుత్వం ప్రకటించింది. సరుకుకు ఇంత గిరాకీ ఉన్నచోట అమ్మేవారు ఎదురు డబ్బు కట్టడం ఏ సంతలోనూ చూడము. నర్సుల విషయంలో మాత్రం, తన శ్రమను అమ్ముకోవడానికి వెళ్లే మనిషే ముందుగా లక్షలు కట్టవలసి వస్తున్నది. ఈ సమీక్ష అంతా ఆ చిక్కు చుట్టూ తిరుగుతుంది.

ముందుగా మంచి మాటలు చెప్పాలి, అవి నిజంగానే చాలా ఉన్నాయి. మా బ్యాచ్‌లో ఇరవై ఇద్దరం. జర్మనీలో కొన్నేళ్లు ఉండి వచ్చిన సికింద్రాబాద్ మేడమ్ ఒకరు ఎ1 నుంచి బి2 వరకు మాకు చెప్పారు. మన నోటికి తిరగని అచ్చును "పెదవులు ఉ అన్నట్లు పెట్టి, లోపల ఈ అనండమ్మా" అని పలికించి చూపించిన తీరు, ఉపవాక్యంలో క్రియ చివరికి పోతుందని పాఠం వచ్చిన రోజున "ఇది మీకు కొత్త కాదు, తెలుగులో క్రియ ఉండేదే చివర కదా" అని భయం పోగొట్టిన తీరు నేను మరచిపోలేను. ఇంగ్లీషు ద్వారా జర్మన్ నేర్చుకుంటే రెండుసార్లు దారి తప్పుతామని, తెలుగు వాక్యం నుంచే నేరుగా నడవాలని ఆమె అనేవారు. ఆ మాట ఎంత నిజమో ఇక్కడ వార్డులో మొదటి వారమే తెలిసింది.

బి1 దాటిన తరువాత పాఠాలన్నీ ఆసుపత్రి చుట్టూ అల్లారు. డ్యూటీ మారేటప్పుడు ఒక షిఫ్టు నర్సు మరొక షిఫ్టు నర్సుకు రోగుల వివరాలు అప్పగించడాన్ని ఇక్కడ ఊబర్‌గాబె అంటారు. రోజూ ఉదయం ఒకరు ఇద్దరు రోగుల గురించి జర్మన్‌లో ఊబర్‌గాబె చెప్పాలి, మిగిలినవారు రాసుకోవాలి, రాసుకున్నదానిలో తప్పులుంటే చెప్పినవారే మళ్లీ చెప్పాలి. నొప్పి ఎక్కడ, ఎలాంటి నొప్పి, సున్నా నుంచి పది వరకు ఎంత అని వృద్ధులను అడగడం, పడిపోయిన రోగి గురించి డాక్టరుకు ఫోనులో చెప్పడం, కోపంగా ఉన్న బంధువుతో మాట్లాడడం వంటివన్నీ నాటకంలా ఆడించారు. జర్మన్ భాషా సంస్థ గోథె ఇన్‌స్టిట్యూట్ నిర్వహించే పరీక్షలో బి1, బి2 స్థాయిలకు చదవడం, వినడం, రాయడం, మాట్లాడడం అనే నాలుగు విభాగాలు విడివిడిగా రాసుకోవచ్చు, ఒక్కొక్కదానిలో నూటికి అరవై రావాలి. నేను బి2 వినడంలో మొదటిసారి తప్పాను. ఆ ఒక్క విభాగం కోసం మేడమ్ ఆరు వారాలు సాయంత్రాలు అదనంగా కూర్చోబెట్టి, పైసా తీసుకోకుండా చెప్పారు. భాష నేర్పిన పనికి మాత్రమే మార్కులు వేయమంటే అయిదుకు అయిదు వేస్తాను.

కాగితాల పని కూడా చక్కగానే చేశారు. నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్, మార్కుల పత్రాల ధ్రువీకరణ, అవి విదేశంలో చెల్లడానికి వేయించే అపోస్టిల్ ముద్ర, జర్మన్ అనువాదాలు, వీసా దరఖాస్తు దేనిలోనూ పొరపాటు రాలేదు. పాత ఆసుపత్రి అనుభవ పత్రం ఇవ్వడానికి రెండు నెలలు తిప్పినప్పుడు వారి మనిషి నాతోపాటు వచ్చి కూర్చున్నాడు.

ఇక ధర. రిజిస్ట్రేషన్ పేరుతో 15 వేలు, నాలుగు స్థాయిల భాషా శిక్షణకు 1,40,000, ప్రాసెసింగ్ పేరుతో మూడు విడతల్లో 2,50,000 కట్టాను. హాస్టల్‌కు నెలకు 8,500 చొప్పున పదకొండు నెలలకు 93,500. పరీక్ష ఫీజులు, అనువాదాలు, వీసా కలిపి మరొక 70 వేలు. మొత్తం 5,68,500. విమానం టికెట్టు జర్మనీ ఆసుపత్రి ఇచ్చింది. అయితే ఈ లెక్కలో ఎవరూ రాయని పద్దు ఒకటుంది. తరగతులు ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా ఉండేవి కాబట్టి ఉద్యోగం మానేయక తప్పలేదు. ఆ పదకొండు నెలల జీతం 2,64,000 రాకుండా పోయింది. అది కూడా కలిపితే నేను విమానం ఎక్కేనాటికి ఈ ప్రయాణం ఖరీదు 8,32,500 అయింది, వడ్డీ వేరు. ఈ డబ్బు కోసం అమ్మ గాజులు, గొలుసు బ్యాంకులో కుదువ పెట్టాము, అమ్మ డ్వాక్రా సంఘంలో అప్పు తీసుకుంది, నాన్న చీటీ ముందుగా పాడుకున్నాడు. విదేశీ విశ్వవిద్యాలయంలో సీటు వచ్చిన పిల్లవాడికి విద్యా రుణం ఇచ్చే బ్యాంకు, ఉద్యోగ ఒప్పందం చేతిలో ఉన్న నర్సుకు భాషా శిక్షణ కోసం రుణం ఇవ్వనన్నది.

చేరిన రోజున కౌన్సెలర్ గారు "మీరు అక్కడికి వెళ్లిన రెండు నెలల జీతంతో ఇదంతా తీరిపోతుందమ్మా" అన్నారు. ఆ మాట ఎంత దూరం నిలబడిందో కింద చెబుతాను. అంతకన్నా బాధపెట్టిన విషయం నాకు ఇక్కడికి వచ్చిన నాలుగు నెలల తరువాత తెలిసింది. నన్ను తీసుకురావడానికి ఆసుపత్రి సుమారు 10,000 యూరోలు మధ్యవర్తులకు చెల్లించిందని మా వార్డు ఇన్‌ఛార్జి మాటల మధ్యలో చెప్పారు. "నీ శిక్షణ కూడా అందులోనే కదా" అని ఆవిడ మామూలుగా అడిగారు. ఒకే ప్రాసెసింగ్‌కు రెండు వైపులా డబ్బు తీసుకున్నారని నాకు అప్పుడు అర్థమైంది. ఆసుపత్రి నా చదువుకు డబ్బు ఇచ్చాననుకుంటున్నది, నేను నా చదువుకు నేనే ఇచ్చుకున్నాననుకుంటున్నాను, ఇద్దరికీ మధ్యలో ఉన్నవారు మాత్రమే రెండు రసీదులూ చూసినవారు.

ఇది ఎలా సాధ్యమవుతున్నదో ఆలోచిస్తే కారణం భాషలోనే ఉన్నదని నాకు అనిపిస్తుంది. ఇంగ్లీషు నేర్చుకున్న నర్సు బ్రిటన్‌కు కుదరకపోతే ఐర్లండ్‌కు, అక్కడా కుదరకపోతే ఆస్ట్రేలియాకు ప్రయత్నించవచ్చు, ఏదీ కాకపోతే ఆ ఇంగ్లీషు హైదరాబాద్‌లోనే పనికివస్తుంది. జర్మన్ అలా కాదు. వెళితేనే దానికి విలువ, వెళ్లలేకపోతే ఏడాది చదువుకు ఖమ్మంలోగాని హైదరాబాద్ ఆసుపత్రుల్లోగాని రూపాయి పలకదు. ఒకే చోట చెల్లే నైపుణ్యం మీద పెట్టుబడి పెట్టడం పెద్ద సాహసం, అలాంటి సాహసం ఎవరు భరించగలరో వారే భరించాలి. వందల పడకల ఆసుపత్రి ఇరవై మందిలో ఏడుగురు తప్పినా తట్టుకోగలదు. ఒక్క కూతురు ఉన్న ఇల్లు తట్టుకోలేదు. మా ఇరవై ఇద్దరిలో బి2 దాటినవారం పదముగ్గురం. తొమ్మిదిమంది మధ్యలోనే ఆగిపోయారు. ఒకరికి పెళ్లి కుదిరింది, ఇద్దరికి బి1 రాలేదు, మిగిలినవారికి మూడో విడత కట్టడానికి డబ్బు లేకపోయింది. వారు కట్టిన ప్రాసెసింగ్ సొమ్ములో ఒక్క రూపాయి తిరిగి ఇవ్వలేదు. వెళ్లనివారికి ఏ ప్రాసెసింగ్ జరిగినట్లు? ఈ తొమ్మిదిమంది గురించి సంస్థ ప్రకటనల్లో ఎక్కడా ఉండదు. గోడమీద ఉండేవి మా పదముగ్గురి ఫొటోలే.

చట్టం ఏమంటున్నదో చాలామందికి తెలియదు, చేరేటప్పుడు నాకూ తెలియదు. విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ఏజెంటు 1983 నాటి వలస చట్టం కింద విదేశాంగ శాఖ వద్ద నమోదై ఉండాలి, తన సేవకు 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు, తీసుకున్నదానికి రసీదు ఇవ్వాలి. నమోదైన ఏజెంట్ల వివరాలు ఆ శాఖ వెబ్‌సైటు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. నా రసీదుల్లో శిక్షణ ఒక పేరున, డాక్యుమెంటేషన్ ఒక పేరున, కౌన్సెలింగ్ మరొక పేరున ఉన్నాయి, నియామక రుసుము అన్న మాట ఎక్కడా లేదు. ఆ మాట ఎందుకు లేదో ఇప్పుడు తెలుస్తున్నది.

ఇంకొక దారి లేదని అనుకోవద్దు. యజమానే ఖర్చు భరించాలన్న సూత్రం కొత్తది కాదు, అంతర్జాతీయ కార్మిక సంస్థ ఎప్పటినుంచో చెబుతున్నది. జర్మనీ ఆరోగ్య శాఖ విదేశీ నర్సుల నియామకాలకు ఒక నాణ్యతా ముద్రను ప్రవేశపెట్టింది. ఆ ముద్ర ఉన్న ఏజెన్సీలు, ఆసుపత్రులు నర్సు దగ్గర నియామకం పేరుతో ఏమీ వసూలు చేయకూడదు, వాటి జాబితా బహిరంగంగానే ఉంటుంది. కేరళ ప్రభుత్వ సంస్థ నోర్కా రూట్స్ 2021 డిసెంబరులో నర్సులను పంపడానికి జర్మనీ ఉపాధి సంస్థతో ట్రిపుల్ విన్ అనే ఒప్పందం చేసుకుంది. నా వార్డులో ఆ దారిన వచ్చిన మలయాళీ అమ్మాయి ఉన్నది. మా ఇద్దరి డిగ్రీ ఒకటే, పని ఒకటే, జీతం ఒకటే. ఆమె మొదటి నెల జీతం నుంచే ఇంటికి పంపింది, నేను మొదటి నెల జీతం నుంచి వడ్డీ కట్టాను. మన దగ్గర తెలంగాణకు టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌కు ఓంక్యాప్ అనే ప్రభుత్వ సంస్థలు విదేశీ నియామకాలు చూస్తున్నాయి. ప్రైవేటు సంస్థ మెట్లు ఎక్కేముందు వాటి ప్రకటనలు చూడని తప్పు నాదే, ఆ తప్పు మీరు చేయకండి.

ఇక్కడికి వచ్చిన తరువాత ఏమి జరిగిందో కూడా రాయాలి, సంస్థ చెప్పని భాగం ఇదే. జర్మనీలో దిగిన మరుసటి రోజు నుంచి నర్సు అయిపోము. మన చదువును ఇక్కడి చదువుతో పోల్చి ఏ గంటలు తక్కువో చెప్పే లోటు పత్రం ఇస్తారు. ఆ లోటును అనుసరణ శిక్షణతోగాని, జ్ఞాన పరీక్షతోగాని పూరించాలి. అంతవరకు సహాయకురాలి హోదా, సహాయకురాలి జీతం. నాకు ఆ దశ పది నెలలు నడిచింది. స్థూల జీతం 2,750 యూరోలు, పన్ను, పింఛను, ఆరోగ్య బీమా, నిరుద్యోగ బీమా, సంరక్షణ బీమా పోగా చేతికి 1,880 వరకు వచ్చేది. ఆసుపత్రి ఇచ్చిన గదికి 420, తిండికి 250, ప్రయాణానికి, ఫోనుకు, చలి బట్టలకు, పరీక్ష పుస్తకాలకు పోను ఎంత పొదుపు చేసినా నెలకు 700 యూరోలకు మించి పంపలేకపోయాను, అంటే రమారమి 65 వేలు. అప్పు తీరడానికి పదమూడు నెలలు పట్టింది. రెండు నెలలు అన్న కౌన్సెలర్ గారి లెక్కలో జర్మనీ జీతం ఉన్నది, జర్మనీ బతుకు ఖర్చు లేదు.

2025 సెప్టెంబరులో జ్ఞాన పరీక్ష గట్టెక్కాను. ఇప్పుడు స్థూల జీతం 3,400 దాకా, చేతికి 2,200 పైచిలుకు. వృద్ధుల సంరక్షణ కేంద్రాలకు వెళ్లేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: ఆ రంగంలో 2025 జూలైలో అమలుకు వచ్చిన గంట కనీస వేతనం అర్హత గల నర్సుకు 20.50 యూరోలు, సహాయకురాలికి 16.10. గుర్తింపు ఒక నెల ఆలస్యమైతే పోయేది ఆ తేడా. అందువల్ల సంస్థను అడగవలసిన మొదటి ప్రశ్న జీతం ఎంత అని కాదు, మీరు పంపినవారికి గుర్తింపు పత్రం ఎన్ని నెలలకు వచ్చింది అని. ఒక మేలు మాత్రం చెప్పకుండా ఉండలేను. భారత్, జర్మనీల మధ్య సామాజిక భద్రతా ఒప్పందం 2017 మే నుంచి అమలులో ఉండటం వల్ల ఇక్కడ కోసే పింఛను వాటా వృథా పోదు. ఈ సంగతి మాకు తరగతిలో ఎవరూ చెప్పలేదు.

ఒప్పందంలోని మరొక నిబంధన నన్ను చాలా రోజులు భయపెట్టింది. మూడేళ్లలోపు ఆసుపత్రి వదిలితే 9,000 యూరోలు తిరిగి కట్టాలని, గడిచిన ప్రతి నెలకు అందులో కొంత తగ్గుతుందని ఉన్నది. దీనికితోడు హైదరాబాద్‌లో సంస్థ రెండు ఖాళీ చెక్కులు సంతకం పెట్టించి తీసుకుంది. ఆసుపత్రి తాను పెట్టిన ఖర్చు కాపాడుకోవాలనుకోవడం నాకు అర్థమవుతుంది. అదే ఖర్చు నేను కూడా పెట్టి ఉన్నప్పుడు, నా చేతులు ఎవరి పెట్టుబడి కోసం కట్టేస్తున్నారు? శిక్షణ ఖర్చులు తిరిగి కట్టాలనే నిబంధనలు, ఉద్యోగి ఏ కారణంతో మానేసినా ఒకే రకంగా వర్తించేలా ఉంటే చెల్లవని జర్మనీ కార్మిక న్యాయస్థానాలు పలుమార్లు తీర్పులిచ్చాయి. ఈ సంగతి నాకు ఇక్కడి కార్మిక సంఘంలో చేరిన తరువాత తెలిసింది. ఇక్కడికి వచ్చే ప్రతి నర్సు మొదటి నెలలోనే సంఘంలో చేరాలని నా గట్టి మాట.

వెళ్లిపోతే మన ఆసుపత్రుల గతి ఏమిటని ఇంటి దగ్గర అడిగేవారు ఉన్నారు. నేను చదివింది ప్రభుత్వ సొమ్ముతో, ఆ ప్రశ్నను తోసేయలేను. చదివించిన దేశానికి నష్టపరిహారంగా వలస వెళ్లిన నిపుణుల ఆదాయంపై పన్ను వేయాలని ఆర్థికవేత్త జగదీశ్ భగవతి 1970లలో ప్రతిపాదించారు, అది అమలుకు రాలేదు. మరొక వైపు, 2000 తరువాత అమెరికా ఫిలిప్పీన్స్ నర్సులకు వీసాలు పెంచిన కాలాన్ని పరిశీలించిన ఆర్థికవేత్తలు, వెళ్లిన ఒక్కొక్కరికి సుమారు తొమ్మిదిమంది చొప్పున అదనంగా నర్సింగ్ లైసెన్సు పొందారని తేల్చారు. మా పిన్ని కూతురు ఇంటర్ తరువాత డిగ్రీలో చేరబోయి నన్ను చూసి బీఎస్సీ నర్సింగ్‌లో చేరింది. ఆమె క్లాసులో అందరూ విదేశం వెళ్లరు, ఎక్కువమంది మన వార్డుల్లోనే పనిచేస్తారు. రిజర్వు బ్యాంకు సర్వే ప్రకారం 2023-24లో దేశానికి విదేశాలనుంచి వచ్చిన సొమ్ములో తెలంగాణ వాటా 8.1 శాతం, ఆంధ్రప్రదేశ్ వాటా 4.4 శాతం. అందులో నాలాంటివారు పంపినది కూడా ఉంటుంది. అయితే మొదటి పదమూడు నెలలు నేను పంపిన సొమ్ము మా ఊరికి చేరినట్లు లెక్కకు కనిపిస్తుంది గాని, నిజానికి అది అంతకుముందే శిక్షణ సంస్థకు చేరిపోయిన సొమ్ము. వలస వల్ల దేశానికి లాభమా నష్టమా అని వాదించేవారు, ఆ లాభం మధ్యలో ఎంత ఆగిపోతున్నదో కూడా కొలవాలని కోరుకుంటాను.

ఈ సంస్థలో చేరమంటారా అని నన్ను అడిగినవారికి ఇదే చెబుతున్నాను. భాష కోసమైతే, డబ్బు స్థాయివారీగా కట్టించుకుంటే, నిస్సందేహంగా చేరండి. ఆ మేడమ్ దగ్గర చదవడం అదృష్టం. ఉద్యోగం కోసమైతే, ప్రాసెసింగ్ సొమ్ము కట్టవద్దు. ఆసుపత్రి మీకు ఎంత ఇస్తున్నది అని ముఖం మీదే అడిగి, జవాబు రాతపూర్వకంగా కోరండి, నాణ్యతా ముద్ర ఉన్నదా అని చూడండి, మధ్యలో ఆగిపోతే ఎంత తిరిగి ఇస్తారో సంతకానికి ముందే రాయించుకోండి, ఖాళీ చెక్కు మాత్రం ఎవరు అడిగినా ఇవ్వకండి. శిక్షణకు అయిదుకు అయిదు, కాగితాల పనికి నాలుగు, ధరకు, ఒప్పందానికి ఒకటి.

నా రెండు చెక్కులు ఇంకా వారి దగ్గరే ఉన్నాయి. అప్పు తీరిన వారంలోనే వాటిని తిరిగి ఇవ్వమని, ఆగిపోయిన తొమ్మిదిమంది ప్రాసెసింగ్ సొమ్ము గురించి కూడా జవాబు చెప్పమని రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపించాను. అందినట్లు సంతకం వచ్చింది, జవాబు రాలేదు. వచ్చిన రోజున ఈ సమీక్షలో చేరుస్తాను.